పక్షులకు చలివేంద్రము



నేడు మనము గూఢమైన వేదాంతవిషయము నేదియు విచారింపబోవుట లేదు. మన పెరటిలో, మేడమీది పిట్టగోడపై, వీథి చివర వేపకొమ్మపై ప్రతిదినము జరుగుచున్న, లేక జరుగకుండ పోయిన, ఒక చిన్న విషయమును విచారింతము. విషయము చిన్నదే గాని, గృహస్థధర్మములోని పెద్దభాగము దానిలో ఇమిడియున్నది.

గత సంవత్సరము మాఘమాసములో ఒక గృహస్థు మా యొద్దకు వచ్చినాడు. నగరములో ఐదవ అంతస్తున నివసించువాడు. మంచి ఉద్యోగము, మంచి సంస్కారము గలవాడు. వచ్చి కూర్చుండి చాలసేపు మాటలాడలేదు. అడుగగా చెప్పినాడు: "స్వామీ, నిన్న మా తండ్రిగారి ఆబ్దికము. మంత్రలోపము, ద్రవ్యలోపము లేకుండ జరిపించితిని. భోక్తలు తృప్తిగా భుజించినారు. వాయసపిండమును పిట్టగోడపై ఉంచి రెండు గంటలు ఎండలో నిలుచుంటిని. ఒక్క కాకియు రాలేదు. 'మీ నాయనకు నీపై కోపము తీరలేదురా' అని మా మేనత్త కన్నీరు పెట్టుకొన్నది. నేను చేసిన అపరాధమేమో తెలియదు. ఏదేని శాంతి చేయించవలెనా?"

మేము అతనిని ఒక్కటే అడిగితిమి: "నాయనా, నిన్నటి సంగతి అటుంచుము. మీ మేడపై కాకిని నీవు కడపటిసారి చూచినది ఎన్నడు?"

అతడు ఆలోచించినాడు. ఇంటి వెనుక ఒక పెద్ద వేపచెట్టు ఉండెడిదట. కార్లు నిలుపుకొనుటకు చోటు చాలక అందరును కలిసి దానిని కొట్టించినారట. తండ్రిగారు జీవించియున్న దినములలో భోజనమునకు ముందు ఒక ముద్ద తీసి గోడపై ఉంచెడివారట. ఆయన పోయిన పిదప, గోడ మురికియగుచున్నదని క్రిందివారు సణుగుట చేత ఆ వాడుక నిలిచిపోయినదట. ఇవన్నియు చెప్పుచు చెప్పుచు అతడే ఆగిపోయినాడు.

మేము చెప్పితిమి: "మీ తండ్రికి కోపము లేదు నాయనా. బిడ్డలపై పగబట్టు తండ్రి ఉండడు. కాకి మీ ఇంటి దారి మరచిపోయినది. అంతే."

భక్తులారా! ఆ గృహస్థునకు చెప్పిన మాటయే నేడు మనకందరకును చెప్పుకొనవలసిన మాట. పిలిచిన దినమున రావలెనన్నచో, పిలువని దినములలో కూడ ఆ ఇంట తనకు చోటున్నదని అతిథికి తెలిసియుండవలెను.

వాయసమునకు యముని వరము

పితృకార్యములో కాకికింత స్థానమెందులకు? శ్రీమద్రామాయణము ఉత్తరకాండలో ఒక కథ కలదు. మరుత్తుడను రాజు యజ్ఞము చేయుచుండగా రావణుడు దండెత్తి వచ్చినాడు. హవిర్భాగములకై వచ్చియున్న దేవతలు భయపడి తలకొక ప్రాణి రూపమును ధరించి దాగినారు. ఇంద్రుడు నెమలియైనాడు, వరుణుడు హంసయైనాడు, కుబేరుడు తొండయైనాడు, యమధర్మరాజు కాకియైనాడు. రావణుడు వెడలిపోయిన పిదప దేవతలు తమకు ఆశ్రయమిచ్చిన ప్రాణులకు వరములొసగినారు. నెమలి పింఛమున కన్నులు ఇంద్రుని వరము. హంస తెలుపు వరుణుని వరము. యముడు కాకికి రోగబాధ లేకుండ వరమిచ్చి, నీవు తృప్తిగా భుజించినచో నా లోకమునందు ఆకలిగొనియున్నవారు తృప్తిపొందుదురని అనుగ్రహించినాడు.

ఈ కథలో మనము గమనింపవలసినది ఒకటి కలదు. ఆపదలో దేవతలకు చోటిచ్చినవి ప్రాణులు. లోకపాలకులే పక్షుల రెక్కలచాటున దాగి బ్రదికినారు. దానికి ప్రతిగా ఇచ్చిన వరములవి. కాబట్టి కాకికి మనము పెట్టు ముద్ద బిచ్చము కాదు. దేవతలనాటి ఋణములో మన వంతు తీర్చుట. కన్నబిడ్డలకును కోకిలపిల్లలకును భేదము తెలియక రెండింటిని సాకు ఆ నల్లని పక్షిని చూచి మొగము చిట్లించుకొనుట మనకు తగదు.

భూతయజ్ఞము

గృహస్థునకు ప్రతిదినము చేయవలసిన పంచమహాయజ్ఞములు విధింపబడినవి. తైత్తిరీయారణ్యకము వీనిని పేర్కొన్నది. బ్రహ్మయజ్ఞము, దేవయజ్ఞము, పితృయజ్ఞము, మనుష్యయజ్ఞము, భూతయజ్ఞము అని ఐదు. మన తెలుగుదేశమున అనేకులు అనుసరించు ఆ వేదశాఖ పేరే తిత్తిరి పక్షుల వలన వచ్చినదని పురాణములు చెప్పుచున్నవి.

ఈ ఐదింటిలో మొదటి నాలుగును మనకు ఏదో ఒక రూపమున మిగిలియున్నవి. స్తోత్రపారాయణము చేయుచున్నాము, దీపము పెట్టుచున్నాము, తద్దినములు పెట్టుచున్నాము, ఇంటికి వచ్చినవారికి భోజనము పెట్టుచున్నాము. ఐదవదియైన భూతయజ్ఞమే మెల్లగా జారిపోయినది. వైశ్వదేవము చేసిన పిదప కుక్కలకు, కాకులకు, క్రిమికీటకములకు అన్నమును నేలపై ఉంచవలెనని మనుస్మృతి మూడవ అధ్యాయము విధించినది. విసరివేయుమనలేదు. మెల్లగా ఉంచుమన్నది. పుచ్చుకొనునది కాకియైనను, చీమయైనను, ఇచ్చువానికి వినయముండవలెనని భావము.

మన పెద్దలు ఈ యజ్ఞమును మంత్రములు రానివారికి కూడ అలవాటుగా మార్చియిచ్చినారు. వాకిట బియ్యపుపిండితో ముగ్గు వేసినప్పుడు అది చీమలకును పిచ్చుకలకును మేతయైనది. కోతలైన పిదప క్రొత్తవరికంకులను కుచ్చులుగా అల్లి చూరునకును, దేవాలయమండపములలోను వ్రేలాడదీసినప్పుడు అది పిచ్చుకలకు అన్నసత్రమైనది. గోదావరి, కృష్ణా తీరముల పల్లెలలో ఈ ధాన్యపు కుచ్చులను ముచ్చటగా అల్లువారు నేటికిని ఉన్నారు. పెంకుటింటి దూలముల సందున గూడు పెట్టుకొన్న పిచ్చుకను మన అవ్వలు తరుమలేదు. పొట్టు, గడ్డిపోచలు నట్టింట రాలినను ఊడ్చుకొన్నారే గాని గూడు తీసివేయలేదు.

అతిథి రాకపోవుటకు కారణములు

నేడు చూరు లేదు. దూలము లేదు. ధాన్యము వాకిట ఎండబోయుట లేదు. గోడలు నున్ననయ్యెను; కిటికీలు అద్దములయ్యెను. పెరడు సిమెంటు పరచిన నేలయయ్యెను. మేడమీద అంచుగోడను మనము ఇంకను పిట్టగోడ యనియే పిలుచుచున్నాము. పేరులో పిట్ట మిగిలినది, గోడపై మిగులలేదు.

పిచ్చుకలు లోకమున అంతరించిపోయినవని కొందరు భయపడుదురు. అది నిజము కాదు. 2020లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక, దేశమంతటిని కలిపి చూచినచో పిచ్చుకల సంఖ్య స్థిరముగానే ఉన్నదనియు, మహానగరములలో మాత్రము తగ్గినదనియు తెలిపినది. అనగా పిచ్చుక లోకమును విడిచిపోలేదు, మనలను విడిచిపోయినది. అయినను ఊరట చెందుటకు వీలులేదు. 2023 నాటి నివేదికలో, దీర్ఘకాలపు లెక్కలు లభించిన 338 పక్షిజాతులలో 204 జాతులు తగ్గుముఖము పట్టినవని తేలినది.

ఆహారముంచినంతమాత్రమున అతిథి వచ్చునా? చెంగల్పట్టునకు సమీపమునగల తిరుక్కళుకుండ్రమును మన తెలుగువారు పక్షితీర్థమని పిలుతురు. యాత్రకు వెళ్లిన పెద్దలు మీ ఇండ్లలో కూడ ఉందురు. వేదగిరీశ్వరుని కొండపై అర్చకుడు మధ్యాహ్నవేళ ప్రసాదముతో కూర్చుండెడివాడు. రెండు తెల్లరాబందులు ఆకాశమునుండి దిగివచ్చి దానిని గ్రహించి పోయెడివి. తరతరములుగా సాగిన ఆ దర్శనము 1990వ దశకము చివర నిలిచిపోయినది. ప్రసాదము సిద్ధముగానే ఉన్నది, కొండ ఉన్నది, భక్తులున్నారు. పక్షులు రాలేదు.

ఆ దశాబ్దములోనే మన దేశమంతట రాబందులు లక్షలకొలది నశించినవి. పశువులకు నొప్పి తగ్గుటకై ఇచ్చు డైక్లోఫెనాక్ అను మందు, చచ్చిన పశువు మాంసము ద్వారా రాబందుల కడుపున జేరి మూత్రపిండములను పాడుచేయుచున్నదని 2004లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. 2006లో మన ప్రభుత్వము పశువైద్యమున ఆ మందును నిషేధించినది. మందు వేసినవాడు పాపి కాదు. తన ఆవు బాధ చూడలేక వేసినాడు. కాని ఒక ప్రాణికి చేసిన మేలు మరియొక ప్రాణికి మృత్యువైనది. తెలియక చేసిన పనికి కూడ ఫలముండునని కర్మసిద్ధాంతము చెప్పుటకు ఇంతకంటె దృష్టాంతము కావలెనా?

చిలుక చెప్పిన ధర్మము

మహాభారతము అనుశాసనిక పర్వములో భీష్ముడు ధర్మరాజునకు ఒక చిలుక కథ చెప్పినాడు. కాశీరాజ్యమున ఒక వేటగాడు విషము పూసిన బాణమును లేడిపై విడిచినాడు. గురి తప్పి అది ఒక మహావృక్షమునకు నాటుకొన్నది. ఆ విషము చేత చెట్టు ఆకురాల్చి, పండ్లు రాల్చి, మోడైపోయినది. దాని తొఱ్ఱలో చిరకాలముగా నివసించుచున్న చిలుక మాత్రము కదలలేదు. తిండి లేక శుష్కించుచు అచ్చటనే ఉన్నది. ఇంద్రుడు బ్రాహ్మణవేషమున వచ్చి, ఈ అడవిలో పచ్చని చెట్లు ఎన్నియో ఉండగా ఈ మోడును ఏల పట్టుకొని యుంటివని అడిగినాడు. తాను పుట్టినది, పెరిగినది, శత్రువులనుండి రక్షణ పొందినది ఈ చెట్టు వలననే యని, అది సమర్థమైయున్నప్పుడు ఆశ్రయించి, అసమర్థమైనప్పుడు విడిచిపోజాలనని చిలుక తెలిపినది. ఇంద్రుడు సంతోషించి వరము కోరుమనగా తనకేదియు కోరలేదు. చెట్టు మరల చిగురింపవలెనని కోరినది. ఇంద్రుడు అమృతము చల్లి చెట్టును బ్రదికించినాడు.

చిలుక చెట్టును విడువలేదు. మనము కారు నిలుపుటకు చెట్టును విడిచితిమి. చెట్టును కొట్టి, గోడపై గిన్నె పెట్టి, పక్షి రాలేదని బెంగపడుట ఎట్లున్నదనగా, ఇల్లు కూల్చి గుమ్మము మాత్రము నిలిపి చుట్టము రాలేదని విచారించినట్లున్నది. అందుచేత మొదట చెప్పవలసినది చెట్టు. చోటున్నవారు ఊరుమ్మడి స్థలమున రావి, మేడి, మర్రి, నేరేడు నాటుడు. చిన్న పెరడున్నవారు జామ, కరివేపాకు, మందార పెంచుడు. మందారపూవు ఉన్నచోటికి తేనెపిట్ట తానే వచ్చును. దానికి పంచదారనీళ్లు పెట్టనక్కరలేదు. పండిన జామలో నాలుగు చిలుకకును పిగిలిపిట్టకును విడిచిపెట్టుడు. పెరటి మొక్కలపై విషపు మందులు చల్లకుడు. పెద్దపిచ్చుక గింజలు తినును గాని, పొదిగిన తొలిదినములలో తన పిల్లలకు పురుగులనే తెచ్చి పెట్టును. పురుగు లేని తోటలో పిచ్చుకపిల్ల బ్రదుకదు.

ఉగాదినుండి మృగశిర వరకు

ఇక చైత్రము సమీపించుచున్నది. ఉగాదినాడు ప్రపాదానము, అనగా చలివేంద్రము పెట్టుట, పుణ్యకార్యమని మన పంచాంగములు తెలుపుచున్నవి. వైశాఖములో ఉదకకుంభదానము ప్రశస్తము. బాటసారికి నీరు పోసినట్లే పక్షికి నీరు పోయుట కూడ చలివేంద్రమే. పక్షికి చెమట పట్టదు. ఎండ తీవ్రమైనప్పుడు నోరు తెరచి, గొంతు అల్లలాడించుచు, లోని తేమను ఆవిరిగా పంపి ఒడలు చల్లబరచుకొనును. ఆ పోయిన తేమ తిరిగి రావలెనన్న నీరు కావలెను. పండ్లు తిను పక్షికి పండులో కొంత నీరు లభించును. ఎండు గింజలు తిను పిచ్చుకకును గువ్వకును ఆ వీలును లేదు. చెరువులు ఇంకి, బావులపై మూతలు పడిన రోహిణికార్తెలో మీ పిట్టగోడపై ఉన్న గిన్నెడు నీరు వానికి జీవనది.

కాని, భక్తులారా, దానమునకు కూడ విద్య కావలెను. దీనిని మేము సిగ్గుతో నేర్చుకొంటిమి. ఆ సంగతి చెప్పకుండుట న్యాయము కాదు.

కొన్ని సంవత్సరముల క్రిందట మా ఆవరణలో పక్షులకై ఒక సిమెంటు తొట్టి కట్టించితిమి. మోకాలి కంటె ఎక్కువ లోతు. పూజచేసి, నీరు నింపి, దాత పేరు రాతిపై చెక్కించి, దాని మహిమను గూర్చి మేమే ఉపన్యసించితిమి. వైశాఖమాసములో ఒక ఉదయమున వాకిలి ఊడ్చు కుఱ్ఱవాడు వచ్చి, "స్వామీ, ఒకసారి రండి" అని పిలిచినాడు. పోయి చూచితిమి. నీరు సగమునకు దిగియున్నది. రెండు గోరువంకపిల్లలు అందులో తేలుచున్నవి. దాహముతో దిగినవి, గోడలు నున్నగా ఉండుటచేత పైకి రాలేకపోయినవి. తల్లిపక్షి తొట్టి అంచున అటునిటు తిరుగుచు అరచుచున్నది. మాకు మాట రాలేదు. ఆ కుఱ్ఱవాడు మాత్రము మాటలాడక పోయి, పగిలిన పెంకులు, రాళ్లు తెచ్చి తొట్టిలో మెట్లుగా పేర్చినాడు.

రాతిపై పేరు చెక్కించితిమి గాని, నీటిలో ఒక రాయి వేయవలెనని మాకు తోచలేదు. అవధూత పావురమును, కురరపక్షిని కూడ తన ఇరువదినలుగురు గురువులలో చేర్చుకొన్నాడని భాగవతము చెప్పును. మాకు ఆ దినమున చీపురు పట్టిన ఆ బాలుడు గురువైనాడు. పుణ్యము మనకు రావలెనని చేసిన దానములో మన పేరు మీద చూపు ఉండును. ప్రాణి బ్రదుకవలెనని చేసిన దానములో ప్రాణి కాళ్ల మీద చూపు ఉండును.

చేయవలసిన విధము

కాబట్టి విధానము వినుడు. వెడల్పైన మట్టిమూకుడు శ్రేష్ఠము; మట్టి నీటిని చల్లగా ఉంచును, పక్షి గోళ్లకు పట్టు దొరకును. ఎండలో ఇనుప, స్టీలు పాత్రలు కాలును. నీటిలోతు ఒకటి రెండు అంగుళములు మించరాదు; నడుమ ఒక రాయి ఉంచవలెను. నీడపట్టున ఉంచుడు. పిల్లి పొంచియుండుటకు వీలైన పొదల ప్రక్కన ఉంచకుడు. పెద్ద అద్దాల కిటికీలకు ఎదురుగా ఉంచకుడు. అద్దములో ఆకాశము కనబడి పక్షి దానికి కొట్టుకొని చచ్చును.

ప్రతిదినము ఉదయము పాతనీరు మొక్కలకు పోసి, మూకుడును పీచుతో తోమి, క్రొత్తనీరు పోయుడు. పారబోసినంత మాత్రమున చాలదు. డెంగ్యూ జ్వరము మోసుకొనివచ్చు దోమ పాత్ర గోడకు గ్రుడ్లు అంటించి పెట్టును. అవి ఎండినను చావక నీరు తగిలినప్పుడు పిల్లలగును. తోమినచో ఆ గ్రుడ్లు పోవును. మురికినీరు పక్షులలో కూడ రోగములు వ్యాపింపజేయును. తోమలేని దినమున మూకుడును బోర్లించి ఉంచుట మేలు. దేవుని పంచపాత్రను ఎట్లు తోముదుమో దీనిని అట్లే తోమవలెను.

ఇక మేత. నూకలు, కొఱ్ఱలు, సజ్జలు, జొన్నలు మంచివి. కాకికి ఉప్పు కలపని అన్నము పెట్టవచ్చును. పిగిలిపిట్టకు, గోరువంకకు అరటి, జామ ముక్కలు ప్రీతి. ఉప్పు, కారము, నూనె గల పదార్థములు, ఊరగాయ అన్నము, పాలు, పాసిపోయినవి పెట్టరాదు. బూజు పట్టిన గింజలలో విషముండును. మనము తినలేనిదానిని భూతబలి యని పెట్టుట బలి కాదు, పారవేయుట. సాయంకాలమునకు మిగులనంత మాత్రమే ఉంచుడు. మిగిలినది ఎలుకలను పిలుచును. చేతులు కడుగుకొనుట మరువకుడు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో కోళ్లకు బర్డ్ ఫ్లూ సోకిన సంగతి మీకు తెలియును. చచ్చిన పక్షులు ఎక్కువగా కనబడినచో చేతితో ముట్టక పశువైద్యులకు తెలుపుడు.

పావురముల సంగతి వేరుగ చెప్పవలెను. కూడళ్లలో బస్తాలకొలది ధాన్యము గుమ్మరించుట వలన పావురములు మితిమీరి పెరిగి, చిన్నపక్షులకు చోటు లేకుండ చేయుచున్నవి. వాని ఎండిన రెట్టల ధూళి కొందరి ఊపిరితిత్తులకు తీవ్రమైన జబ్బు కలిగించును. 2025లో ముంబయి నగరమున పావురములకు మేతవేయు కూడళ్లను మూయించవలసి వచ్చినది; ఆ వివాదము ఉన్నతన్యాయస్థానము వరకు వెళ్లినది. దానమైనను మితి తప్పినచో పొరుగువానికి బాధయగును. శిబిచక్రవర్తి పావురమును రక్షించినప్పుడు తన తొడమాంసము కోసి ఇచ్చినాడే గాని, పొరుగువాని శరీరమును కోయలేదు గదా!

పంజరములోనిది దర్శనము కాదు

విజయదశమినాడు పాలపిట్టను చూచుట శుభమని మన విశ్వాసము. అది తెలంగాణ రాష్ట్రపక్షి. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను రాష్ట్రపక్షిగా ప్రకటించుకొన్నది. అయితే దసరానాడు పాలపిట్టను పట్టి, పంజరమున పెట్టి, పైకము తీసికొని చూపించువారు కొందరు బయలుదేరినారు. చూచువారు ఉన్నందుననే చూపించువారు ఉన్నారు. రెక్క విరిగి వణకుచున్న పక్షిని చూచినచో విజయమెట్లు కలుగును? ఊరి పొలిమేర దాటి, జమ్మిచెట్టు వరకు నడచి, స్వేచ్ఛగా ఎగురుచున్నదానిని చూచుట దర్శనము. పాలపిట్టను పట్టుట, రామచిలుకను పెంచుకొనుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము ప్రకారము నేరము. చట్టము సంగతి యటుంచినను, రాముని పేరు గల చిలుకను చెరలో ఉంచి రామనామము పలికించుట భక్తి యనిపించుకొనునా? సీతాదేవిని చెరనుండి విడిపించుటకై వచ్చిన స్వామి ఆయన. చెరపట్టిన రథమునకు అడ్డువెళ్లి రెక్కలు పోగొట్టుకొన్న జటాయువునకు స్వహస్తములతో ఉత్తరక్రియలు చేసిన స్వామి ఆయన.

సంక్రాంతినాడు బాలురు ఎగురవేయు గాలిపటములకు నైలాను మాంజా వాడకుండ చూడుడు. 2017లో జాతీయ హరిత న్యాయస్థానము దానిని నిషేధించినది. ఆ దారము చెట్లకు చిక్కుకొని నెలలకొలది పక్షుల రెక్కలను కోయుచుండును.

ఓర్పు

ఒక మాట. మూకుడు పెట్టిన మరునాడే పక్షులు గుంపులుగా రావలెనని తొందరపడకుడు. పక్షి మనలను పరీక్షించును. దూరముననుండి చూచును, కొన్ని దినములు దిగదు. ఒకటి దిగి, త్రాగి, క్షేమముగా ఎగిరిపోయినచో రెండవది దిగును. ఆ నమ్మకమును సంపాదించుట ఒక తపస్సు. దినము తప్పక, వేళ తప్పక చేయుటయే ఇందలి మంత్రము. మొదలుపెట్టి నడివేసవిలో మానివేయుట కంటె మొదలుపెట్టకుండుట మేలు. నమ్మి వచ్చిన అతిథికి ఖాళీ పాత్ర చూపుట గృహస్థునకు తగదు. ఊరికి పోవునప్పుడు పొరుగువారికి అప్పగించి పోవుడు.

మేము మొదట చెప్పిన గృహస్థు ఏ శాంతియు చేయించలేదు. మేము చెప్పినట్లు మూకుడు పెట్టినాడు. ముద్ద పెట్టుటకు ముందు ఒక పలక పరచి, పిదప తానే గోడ కడుగుచుండుటచేత క్రిందివారు కూడ సణుగుట మానినారట. వేపచెట్టు పోయినచోట మూలగా కొంచెము మట్టి మిగిలియుండగా అందరిని ఒప్పించి ఒక మొక్క నాటించినాడట. ఈ మాఘమాసములో మరల వచ్చినాడు. ఆబ్దికమునాడు కాకి వచ్చినదా యని మేము అడుగలేదు. అతడును ఆ మాట ఎత్తలేదు. అతడు చెప్పినది వేరు: "స్వామీ, మా అమ్మాయి ప్రతి ఉదయము బడికి పోవుటకు ముందు తానే మూకుడు తోముచున్నది. 'తాతగారు ఇట్లే చేసెడివారా నాన్నా?' అని అడిగినది."

భక్తులారా! తండ్రి చేసిన పని మనుమరాలి చేతికి వచ్చినది. పితృదేవతల తృప్తికి ఇంతకంటె గుర్తు మేము ఎరుగము.

ఈ ఉగాదినాడు మీలో ప్రతి యొక్కరును ఒక మట్టిమూకుడు కొనుడు. మృగశిరకార్తె ప్రవేశించి తొలకరి కురియువరకు దానిని ఎండిపోనీయమని భగవంతుని ఎదుట సంకల్పము చేసికొనుడు. ఖర్చు కొద్దిరూపాయలు, కాలము దినమునకు కొన్ని నిమిషములు. గరుత్మంతుని వాహనముగా గైకొన్న శ్రీమన్నారాయణుడు, నెమలినెక్కిన కుమారస్వామి, చిలుకను చేత ధరించిన మీనాక్షీదేవి మనలనందరిని కాపాడుదురు గాక.

లోకాః సమస్తాః సుఖినో భవంతు.